చెరొకీ నేర్చుకుంటూ బయటివాళ్ళమనిపిస్తే ఏం చేయాలి: మొదటి క్లాసు నుంచి ఒక సమగ్ర మార్గదర్శి

అమెరికా ఆదివాసీ తెగల్లో ఒకటైన చెరొకీల భాష నేర్పే ఆన్‌లైన్ క్లాసు, మొదటి సాయంత్రం. టీచరు ఇంకా రాలేదు. చాట్‌లో ఒక్కొక్కరూ పరిచయం చేసుకుంటున్నారు. మా తాతగారు మాట్లాడేవారు, మాకు నేర్పలేదు అని ఒకరు. మా అమ్మమ్మ చర్చిలో పాడేది, నాకు రెండు పాటలు వచ్చు కానీ అర్థం తెలియదు అని ఇంకొకరు. టాలెక్వా దగ్గరే పుట్టాను, యాభై దాటాక మొదలుపెడుతున్నాను అని మరొకరు. నేను ఆర్కాన్సాలోని బెంటన్‌విల్‌లో, మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉన్నాను. ఏం రాయాలి? నాలుగుసార్లు టైపు చేసి నాలుగుసార్లు చెరిపేశాను. ఈ భాషతో నాకు ఏ చుట్టరికమూ లేదు. ఓక్లహోమాలోని చెరొకీల ముఖ్యపట్టణం టాలెక్వాకు గంటన్నర కారు ప్రయాణం దూరంలో ఉంటానంతే. చివరికి నా పేరు మాత్రం రాసి ఊరుకున్నాను.

ఆ సాయంత్రం ఎవరైనా నాకు చెప్పి ఉంటే బాగుండుననిపించే విషయాలన్నీ ఇక్కడ వరసగా రాస్తున్నాను. ముందే ఒక మాట. బయటివాళ్ళమన్న భావనను పోగొట్టుకునే ఉపాయం నా దగ్గర లేదు, అలాంటిది వెతుక్కోవడం మంచిది కాదని కూడా నా అభిప్రాయం. నేను బయటి మనిషినే, అది నిజం. బయట ఉండి కూడా ఒక భాషను గట్టిగా, మర్యాదగా నేర్చుకోవచ్చు. లోపలికి రమ్మని పిలవాల్సింది మాత్రం ఆ ఇంటివాళ్ళే.

మొదటి అడుగు: బెరుకు ఏదో, బరువు ఏదో విడదీసి చూడండి

క్లాసులో నోరు పెగలకపోవడానికి నాకు రెండు కారణాలు ఉండేవి. చాలాకాలం రెండింటినీ ఒకటే అనుకున్నాను. ఒకటి, కొత్తగా నేర్చుకునే ఎవరికైనా ఉండే సిగ్గు: తప్పు పలికితే ఏమనుకుంటారో అని. స్పానిష్ నేర్చుకున్నా అది ఉంటుంది, పలికే కొద్దీ తగ్గుతుంది. రెండోది అలా తగ్గేది కాదు. పోగొట్టుకున్నవాళ్ళ వస్తువును నేను చేత్తో పట్టుకున్నానన్న ఇబ్బంది అది.

ఒక వారం పాటు ప్రతి క్లాసు అయ్యాక నోట్‌బుక్‌లో ఒక్క వాక్యం రాయండి: ఈరోజు ఎక్కడ వెనక్కి తగ్గాను, ఎందుకు? తప్పు భయమైతే మరునాడు ఆ మాట పదిసార్లు పైకి అనండి. రెండో రకమైతే దాన్ని సిగ్గు కింద కొట్టిపారేయకండి. దాని మూలం కింది అడుగులో ఉంది.

ఈ వారంలో నాకు తెలిసిన ఇంకో సంగతి ఉంది. పక్కన ఉన్న చెరొకీ పౌరులకు, అంటే చెరొకీ నేషన్ అనే సొంత తెగ ప్రభుత్వం పౌరులుగా గుర్తించినవాళ్ళకు కూడా నాలాంటి బెరుకే ఉంది, నాకంటే ఎక్కువే ఉంది. తమ భాష ముందు తామే పరాయివాళ్ళలా నిలబడటం వాళ్ళకు గుండెల్లో గుచ్చుకునే విషయం. ఇక్కడ పుట్టిన మన పిల్లలు సెలవుల్లో ఊరెళ్ళి, నానమ్మ ప్రేమగా ఏదో అడిగితే జవాబు తెలిసి కూడా మాట రాక అమ్మ మొహం చూస్తారు కదా, ఆ చూపు గుర్తు చేసుకోండి. వాళ్ళ ముందు "నాకు చాలా ఇబ్బందిగా ఉంది, బయటిదాన్ని కదా" అని పదే పదే చెప్పుకోవద్దు. మన ఇబ్బందిని ఓదార్చే పని కూడా వాళ్ళ నెత్తిన పెట్టినట్టవుతుంది.

రెండో అడుగు: గుమ్మం దగ్గర ఎందుకంత జాగ్రత్తో తెలుసుకోండి

మొదటి నెలలోనే, వ్యాకరణం కంటే ముందే ఈ చరిత్ర చదవాలి.

చెరొకీల అసలు నేల ఇప్పటి జార్జియా, టెనెసీ, నార్త్ కరొలైనా, అలబామా కొండ ప్రాంతాలు. ఇంగ్లీషు చదవడం రాని, వెండిపని చేసే సెకోయా అనే ఆయన ఏళ్ళ తరబడి కష్టపడి 1821 నాటికి తన భాషకు లిపి తయారు చేశాడు. జనం మొదట మంత్రగాడేమోనని అనుమానించారట. ఆయన చిన్న కూతురు అయోకా, తాను విననిది కాగితం మీద చూసి చదివి వినిపించాక నమ్మారట. 1825లో చెరొకీ నేషన్ ఆ లిపిని అధికారికంగా తీసుకుంది. 1828లో జార్జియాలోని న్యూ ఎకోటా నుంచి 'చెరొకీ ఫీనిక్స్' పత్రిక వెలువడింది, చెరొకీలోనూ ఇంగ్లీషులోనూ. ఏడేళ్ళకే, 1835లో, జార్జియా సైనికులు ఆ ప్రెస్సును పట్టుకుపోయారు. 1838, 39ల్లో సుమారు 16,000 మందిని ఇప్పటి ఓక్లహోమాకు బలవంతంగా తరలించారు. దారిలో, శిబిరాల్లో 4,000 మంది దాకా చనిపోయారని అంచనా. దాన్నే కన్నీటి బాట అంటారు. ఆ తర్వాతి తరాల పిల్లలను చేర్చిన బోర్డింగ్ స్కూళ్ళలో సొంత భాష మాట్లాడితే శిక్ష. ఆ దెబ్బలు తిన్న పిల్లలే పెద్దయ్యాక, తమ పిల్లలకు ఆ బాధ వద్దని ఇంగ్లీషు మాత్రమే నేర్పారు. మా తాతగారు మాకు నేర్పలేదు అని చాట్‌లో ఒకరు రాశారే, ఆ చిన్న మాట వెనక ఉన్నది ఇదంతా.

ఇప్పుడు ఒక్క చెరొకీ నేషన్‌లోనే 4,50,000 మందికి పైగా పౌరులున్నారు. పుట్టుకతో ఈ భాష వచ్చినవాళ్ళు 2019 నాటికి సుమారు 2,000 మంది, ఆ తర్వాత ఇంకా తగ్గారు. ఎక్కువమంది పెద్ద వయసువాళ్ళు. 2019 జూన్‌లో మూడు చెరొకీ తెగలూ కలిసి భాషకు అత్యవసర పరిస్థితి ప్రకటించాయి. 2020 డిసెంబరులో కోవిడ్ టీకాలు వచ్చినప్పుడు చెరొకీ నేషన్ ముందు వరసలో నిలబెట్టినవాళ్ళలో భాష తెలిసిన పెద్దలున్నారు. ఒక్కొక్క మనిషినీ ఒక్కొక్క గ్రంథాలయంలా కాపాడుకుంటున్న సమాజం అది. ఆ పెద్దల గంటలు లెక్కగానే ఉంటాయి. అందులో ఒక గంట మీకు ఇవ్వకపోతే అది మీ మీద కోపం కాదు.

గుమ్మం దగ్గర జాగ్రత్తకు ఇంకో కారణం ఉంది. మా ముత్తవ్వ చెరొకీ రాకుమారి అని చెప్పుకునే అమెరికన్లు లెక్కలేనంతమంది. చెరొకీల్లో రాకుమారి అనే పదవే లేదు. 2010 జనాభా లెక్కల్లో చెరొకీ అని రాసుకున్నవాళ్ళు 8 లక్షలు దాటారు, అప్పటికి తెగల జాబితాల్లో ఉన్నవాళ్ళు అందులో సగం కూడా లేరు. చెరొకీ నేషన్ పౌరసత్వానికి కావాల్సింది డాస్ జాబితాల్లో, అంటే వందేళ్ళ కిందట అమెరికా ప్రభుత్వం రాయించిన తెగ సభ్యుల జాబితాల్లో, పేరున్న పూర్వీకుడు. డీఎన్‌ఏ టెస్టు రిపోర్టు పనికిరాదు. లోపల కూడా ఈ ప్రశ్న తేలిక కాదు. చెరొకీలు ఒకప్పుడు బానిసలుగా ఉంచుకున్న నల్లజాతివారి సంతతికి 1866 ఒప్పందం ఇచ్చిన పౌరసత్వం మీద గొడవ 2017లో కోర్టు తీర్పు దాకా నడిచింది. మన దగ్గర కొత్తవాళ్ళు కనబడగానే "మనవాళ్ళేనా?" అని అడుగుతారు కదా, ఆ ఒక్క ప్రశ్న ఎంతమందిని గుమ్మం అవతలే నిలబెట్టిందో మనకు తెలుసు. కాబట్టి ఎవరు లోపల, ఎవరు బయట అనే చర్చ మొదలైతే మీ అభిప్రాయం చెప్పకండి. వినండి.

మూడో అడుగు: "నువ్వెందుకు నేర్చుకుంటున్నావు?" అనే ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకోండి

తప్పకుండా అడుగుతారు. చాలామంది ఆసక్తితోనే అడుగుతారు, కొందరు పరీక్షగా అడుగుతారు. రెండింటికీ జవాబు ఒకటే ఉండాలి, నిజం అయి ఉండాలి, రెండు వాక్యాలు దాటకూడదు. నాది ఇది: మీ నేలకు దగ్గర్లో ఉంటున్నాను, ఈ ఊళ్ళ పేర్లు ఎవరివో తెలియకుండా బతకడం నచ్చలేదు. మా భాష తెలుగు, మా పిల్లల నోట నిలబెట్టడానికి మేమూ తంటాలు పడుతున్నాం.

ఆ రెండో వాక్యంతో జాగ్రత్త. తెలుగు మాట్లాడేవాళ్ళు కోట్లలో ఉన్నారు. మన పిల్లలు తెలుగు మరిచిపోతే అది మన ఇంటి బాధ. భాష మొత్తానికి ప్రమాదం అది కాదు. రెండూ ఒకటే అన్నట్టు మాట్లాడితే విన్నవాళ్ళకు చివుక్కుమంటుంది.

"ఇండియన్" అనే మాట గురించి. ఓక్లహోమాలో నేను ఇండియన్ అని చెబితే, ఏ తెగ అని అడుగుతారు. కొలంబస్ పొరపాటు ఇప్పటికీ మన రెండు జనాల మధ్య తిరుగుతోంది. "ఇండియా దేశం నుంచి వచ్చాను, తెలుగువాళ్ళం" అని మొదటే చెప్పేయండి. మన రంగు, జుట్టు చూసి ఎవరైనా మీరు కూడా చెరొకీయేనా అని ఆప్యాయంగా అడిగితే ఆ క్షణం హాయిగా ఉంటుంది, నాకూ అనిపించింది. వెంటనే కాదని చెప్పండి. ఆ హాయి కోసం ఒక్క నిమిషం మౌనంగా ఉన్నా, పైన చెప్పిన రాకుమారి కథల వరసలో మనమూ చేరినట్టే.

నాలుగో అడుగు: ఎవరి చెరొకీ నేర్చుకుంటారో తేల్చుకోండి

ప్రభుత్వ గుర్తింపు ఉన్న చెరొకీ తెగలు మూడు. చెరొకీ నేషన్, యునైటెడ్ కిటూవా బ్యాండ్ ఓక్లహోమాలోని టాలెక్వా కేంద్రంగా ఉన్నాయి. తరలింపు సమయంలో కొండల్లోనే మిగిలినవాళ్ళ సంతతి ఈస్టర్న్ బ్యాండ్, నార్త్ కరొలైనాలో ఉంటుంది. కోస్తా, తెలంగాణ మాటలకు తేడా ఉన్నట్టే వాళ్ళకూ ఉంది. ఓక్లహోమాలో నమస్కారం "ఒసియో", నార్త్ కరొలైనాలో "సియో". థాంక్స్ చెప్పాలంటే ఓక్లహోమాలో "వదో", అక్కడ "స్గి". ఒకరి దగ్గర నేర్చుకున్నది చూపించి రెండోవాళ్ళను సరిదిద్దే పని ఎప్పుడూ చేయకండి.

చెరొకీ నేషన్ భాషా విభాగం ఆన్‌లైన్‌లో ఉచిత క్లాసులు నడుపుతుంది, ఎవరైనా చేరవచ్చు. అక్కడ మొదలుపెట్టండి. పక్కన డర్బిన్ ఫీలింగ్ 1975 నిఘంటువు పెట్టుకోండి. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చి జీవితమంతా ఈ భాషకు ఇచ్చిన మనిషి ఆయన, 2020లో పోయారు. ఆయన పేరు మీద టాలెక్వాలో భాషా కేంద్రం 2022లో తెరిచారు, ఒకప్పటి క్యాసినో భవనంలో. రెండేళ్ళ పాటు వారానికి 40 గంటలు పెద్దల దగ్గర కూర్చుని నేర్చుకునే గురుశిష్య కార్యక్రమం కూడా ఉంది. అది రేపటి చెరొకీ టీచర్లను తయారు చేయడానికి. ఆ కుర్చీల మీద మనం కన్ను వేయకూడదు.

అయిదో అడుగు: లిపిని ముందే పట్టేయండి

చాలామంది ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని మొదలుపెడతారు. నా సలహా, మూడు వారాలు కేటాయించి లిపి నేర్చేసుకోండి. 85 అక్షరాలు, రోజుకు నాలుగు. మనకు గుణింతం అలవాటు కాబట్టి "క, కి, కు" ఒకదాన్నొకటి పోలి ఉంటాయని ఆశిస్తాం. ఇక్కడ పోలికే ఉండదు, ప్రతి అక్షరం విడిగా గుర్తుపెట్టుకోవాలి. పైగా ఇంగ్లీషు అక్షరాల్లా కనబడేవి కంటిని మోసం చేస్తాయి. 'డి' లా ఉన్నది అ. 'ఆర్' లా ఉన్నది ఎ. 'ఎం' లా ఉన్నది లు. 'ఎస్' లా ఉన్నది దు. 'జడ్' లా ఉన్నది నో. ఈ అయిదూ ఒక చీటీ మీద రాసి ఫ్రిజ్ మీద అంటించండి, మొదటి వారం గందరగోళం సగం తగ్గుతుంది.

ఫోన్‌లో చెరొకీ కీబోర్డు ఉంటుంది, ఐఫోన్‌లో 2010 నుంచీ ఈ లిపి ఉంది. మూడో వారం నుంచి క్లాసు చాట్‌లో ఒక్క మాటైనా లిపిలో టైపు చేయండి. బయటివాళ్ళమన్న బెరుకులో కొంత భాగం నిజానికి చదవడం రాని బెరుకు. అది నెలలోపే పోతుంది, పోయినప్పుడు తేడా తెలుస్తుంది. టాలెక్వా వీధుల్లో బోర్డులు రెండు లిపుల్లో ఉంటాయి. రెడ్ లైట్ దగ్గర ఆగి, పై వరస మొదటి అక్షరం 'అ' అని చదవగలిగిన రోజు నాకు ఇంకా గుర్తుంది. వెనక కారువాడు హారన్ కొట్టేదాకా కదల్లేదు.

ఆరో అడుగు: తెలుగు చెవిని వాడుకోండి

ఉచ్చారణలో మనకు కొన్ని కలిసొస్తాయి. భాష పేరు "త్సలగి". ఆ మొదటి శబ్దం మన చాప, చలి, చుక్కల్లోని చ. కొందరి నోట అది జల్లెడ, జాములోని జ లా వినబడుతుంది. రెండూ మనకు కొత్త కాదు. అచ్చులు ఆరు. ఆరోది "అ"ను ముక్కుతో పలికినట్టుండే శబ్దం, నేను నోట్సులో అరసున్న పెట్టి "అఁ" అని రాసుకుంటాను. అవునని చెప్పడానికి వాళ్ళు "అఁఅఁ" అంటారు. మనం "ఆఁ" అన్నట్టే, ఒక్క రోజులో నోటికి వచ్చేస్తుంది.

పెదాలు మూసి పలికే హల్లు "మ" ఒక్కటే, అదీ కొద్ది మాటల్లోనే. ప, బ లేనే లేవు. "త్ల" అనే శబ్దానికి నాలుకను ల దగ్గర ఆనించి పక్కల నుంచి గాలి వదలాలి. "కాదు" అనే మాట "త్ల" కాబట్టి మొదటి రోజు నుంచే ఇది అవసరం పడుతుంది.

అసలు కష్టం స్వరం. లిపిలో "అమ" అని ఒకేలా రాసేది నీళ్ళూ కావచ్చు, ఉప్పూ కావచ్చు. అచ్చు పొడవు, గొంతు ఎత్తు తేడాతో తెలుస్తుంది. పొడవు మనకు తేలిగ్గా పట్టుబడుతుంది, కల, కాల తేడా పుట్టినప్పటి నుంచి వింటున్నాం. గొంతు ఎత్తును మాత్రం చెవితోనే పట్టాలి. ఒక రికార్డింగ్‌లోని పది సెకన్లు తీసుకుని, అర్థం పక్కనపెట్టి, రాగం మాత్రం ముప్పైసార్లు కూనిరాగం తీయండి. నేను గిన్నెలు తోముతూ చేస్తాను.

తప్పు పలికితే ఎవరైనా సరిదిద్దుతారు. అప్పుడు వివరణలు ఇవ్వకండి. వాళ్ళు చెప్పినట్టు ఒక్కసారి తిరిగి అనండి, "వదో" అనండి, ముందుకు వెళ్ళండి. అర్థం కాకపోతే "త్ల యిగోలిగ", నాకు అర్థం కాలేదు అని. ఈ మాట సిగ్గు లేకుండా వాడండి.

ఏడో అడుగు: "మనం", "మేము" దగ్గర ఆగండి

ఈ ఒక్క అడుగు కోసమే తెలుగువాళ్ళకు ఈ వ్యాసం రాయాలనిపించింది.

మా పాపకు ఆరేళ్ళప్పుడు ఒక శనివారం ఇంటికి స్నేహితురాలు వచ్చింది. పాప సంబరంగా, "ఆంటీ, రేపు మనం లేక్‌కి వెళ్తున్నాం!" అంది. ఆవిడ నవ్వుతూ, "అవునా తల్లీ, ఎన్నింటికి?" అని అడిగింది. నేను టీ కప్పు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. కారులో చోటు నలుగురికే. పాప చెప్పాలనుకున్నది "మేము". ఇంగ్లీషులో రెండింటికీ ఒకే మాట ఉండటంతో దానికి ఆ తేడా తట్టలేదు.

చెరొకీలో ఈ తేడా ప్రతి క్రియలోనూ ఉంటుంది, క్రియ మొదట్లోనే. వెళ్ళడం తీసుకోండి. "గేగ" నేను వెళ్తున్నాను. "ఇనేగ" మనిద్దరం వెళ్తున్నాం, అంటే నువ్వూ నేనూ. "ఒస్దేగ" మేమిద్దరం వెళ్తున్నాం, ఆమే నేనూ, నువ్వు కాదు. ముగ్గురు, అంతకు మించి ఉంటే "ఇదేగ" మనందరం, "ఒత్సేగ" మేమందరం. ఇంగ్లీషుతో పెరిగిన తోటి విద్యార్థులు, చెరొకీ పౌరులతో సహా, ఇక్కడ నెలల తరబడి తడబడతారు. మనకు ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. నా మొదటి నెలల్లో నేను ఎవరికైనా పనికొచ్చిన ఏకైక చోటు ఇదే. ఒక తోటి విద్యార్థికి తెలుగు "మనం, మేము" చెప్పి చూపిస్తే, "మీ భాషలోనూ ఉందా!" అని ఆశ్చర్యపోయింది.

ఇలా అభ్యాసం చేయండి. రోజుకు అయిదు తెలుగు వాక్యాలు తీసుకోండి, "మనం" ఉన్నవి కొన్ని, "మేము" ఉన్నవి కొన్ని. ఎంతమందో, విన్నవాళ్ళు లోపలున్నారో లేదో తేల్చుకుని సరైన చెరొకీ రూపం అనండి. కాగితం చూడకుండా జవాబు వచ్చేదాకా చేయండి.

ఈ వ్యాకరణం నా ఇబ్బందికి ఒక చోటు చూపించింది. వాళ్ళు "ఒత్సేగ" అన్నప్పుడు నేను అందులో లేను. అది చెంపదెబ్బేమీ కాదు, పక్కింటివాళ్ళు "మేము పెళ్ళికి వెళ్తున్నాం" అంటే మనం నొచ్చుకోం కదా. "మేము" అని ఎవరికో ఒకరికి చెప్పాలి, వినేవాళ్ళు ఉండాలి. మంచి శ్రోతగా ఉండటం కూడా ఆ భాషలో ఒక స్థానమే. నా అంతట నేను మాత్రం చెరొకీల గురించి "ఇదేగ" అని వాడను.

ఎనిమిదో అడుగు: కళ్ళతో చూసింది, విన్నది కలపకండి

ఇంకో చుట్టరికం. మనం "వచ్చాడు" అంటాం, చూడకపోతే "వచ్చాడట" అంటాం. చెరొకీలో భూతకాలానికి రెండు చివరలుంటాయి. "ఉవొనిసఁఇ" అంటే మాట్లాడాడు, నేను అక్కడున్నాను, విన్నాను. "ఉవొనిసేఇ" అంటే మాట్లాడాడట. పాత కథలన్నీ ఈ రెండో చివరతోనే నడుస్తాయి.

బయటి మనిషికి ఇంతకంటే మంచి మర్యాద పాఠం లేదు. పైన సెకోయా, అయోకాల కథ చెప్పినప్పుడు నేను "అట" పెట్టింది అందుకే. ఇంగ్లీషులో ఎవరితోనైనా చెరొకీ విషయాలు మాట్లాడేటప్పుడు కూడా అదే పాటించండి: ఇది క్లాసులో విన్నాను, ఇది పుస్తకంలో చదివాను, ఇది ఒక పెద్దాయన చెప్పారు. ఒక ఏడాది క్లాసులకు వెళ్ళి "చెరొకీలు ఇలా నమ్ముతారు" అని తెగేసి చెప్పేవాళ్ళుగా మారిపోకండి. అలాంటి వాక్యం నోట్లోకి వచ్చిన ప్రతిసారీ మనసులో "అట" తగిలించి చూసుకోండి.

తొమ్మిదో అడుగు: వెళ్ళండి

ఎప్పటికీ స్క్రీన్ ముందే కూర్చుంటే బెరుకు పెరుగుతుంది. బెంటన్‌విల్, టల్సా చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి, టాలెక్వా దగ్గరే. సెప్టెంబరు మొదట్లో లేబర్ డే సెలవుల్లో చెరొకీ నేషనల్ హాలిడే జరుగుతుంది. 1839లో కొత్త రాజ్యాంగం మీద సంతకాలు చేసిన గుర్తుగా 1953 నుంచి చేస్తున్నారు, అందరూ రావచ్చు. పాత క్యాపిటల్ భవనంలో మ్యూజియం ఉంది. కరొలైనా వైపు ఉన్నవాళ్ళు చెరొకీ పట్టణంలోని మ్యూజియంతో మొదలుపెట్టవచ్చు.

కొన్ని జాగ్రత్తలు. నాకు ఒక చెరొకీ పేరు పెట్టండి అని అడగవద్దు. పచ్చబొట్టు కోసం, దుకాణం బోర్డు కోసం అనువాదం అడగవద్దు. వైద్యం, మంత్రాలు, పూజల గురించి తవ్వవద్దు. అవి కొందరికే అప్పగించిన విషయాలు. పెద్దల గొంతు అడగకుండా రికార్డు చేయవద్దు, అడిగి చేసినా వేరే చోట పెట్టవద్దు. పలకరింపు మాత్రం ధైర్యంగా చేయండి. "ఒసియో", తర్వాత "తోహిజు", బాగున్నారా అని. వాళ్ళు అడిగితే "ఒస్ద, నిహినా", బాగున్నాను, మరి మీరు? ఆ తర్వాత వాళ్ళు ఇంగ్లీషులోకి మారితే మీరూ మారిపోండి. పట్టుబట్టి చెరొకీలోనే లాగితే పలకరింపు కాస్తా పరీక్ష అయిపోతుంది.

రెండో ఏడాది హాలిడేకి వెళ్ళినప్పుడు, క్యాపిటల్ ముందు బెంచీ మీద ఒక పెద్దాయన పక్కన కూర్చున్నాను. ఎండ మాడిపోతోంది. ఒసియో అన్నాను. ఆయన తోహిజు అన్నారు. నాకు వచ్చిన నాలుగు మాటలూ అయిపోయాయి. కాసేపు ఇద్దరం ఊరికే కూర్చున్నాం. తర్వాత ఆయన కర్ర ఆనించి లేచి, చెట్టు నీడ వైపు గడ్డం చూపిస్తూ "ఇనేగ" అన్నారు. బుర్రలో లెక్క వేసుకున్నాను: గేగ కాదు, ఒస్దేగ కాదు. ఇనేగ. నువ్వూ నేనూ. లేచి ఆయన నడక వేగంలోనే నడిచాను.

పదో అడుగు: మధ్యలో ఆగిపోతే

ఆగిపోతారు. ఉద్యోగం, పిల్లల పరీక్షలు, ఇండియా ప్రయాణం. నేను ఒకసారి అయిదు నెలలు ఆగిపోయాను, తిరిగి వెళ్ళడానికి మొహం చెల్లలేదు. బయటివాళ్ళం కాబట్టే మానేశామనుకుంటారేమో అని అదనపు టెన్షన్. తిరిగి చేరినప్పుడు చూస్తే, ఆ అయిదు నెలల్లో మానేసి వచ్చినవాళ్ళు ఇంకో ఎనిమిది మంది ఉన్నారు.

మళ్ళీ మొదటి పాఠం నుంచి మొదలుపెట్టకండి, విసుగొస్తుంది. మొదటి రోజు 85 అక్షరాలు పైకి చదవండి, మరిచినవి గుండ్రం చుట్టండి. రెండో రోజు వెళ్ళడం క్రియ అన్ని రూపాలూ. మూడో రోజు పాత రికార్డింగ్ ఒకటి కూనిరాగం. నాలుగో రోజు క్లాసులోకి వెళ్ళి చాట్‌లో లిపిలో "ఒసియో" అని రాయండి. ఎక్కడికి పోయారని ఎవరైనా అడిగితే ఉన్నది చెప్పండి. టీచరు రాగానే ఆయన తోహిజు అంటారు, మైకు తీసి జవాబు చెప్పండి.